కోటు కాజాలో పువ్వు

సూటు కోటుకి ఎడమవైపు కాలర్ మడత మీద ఒక కాజా ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? (తాపేశ్వరం కాజా కాదు లెండి, దర్జీ కుట్టే కాజా.) దానికి జత బొత్తాం ఎక్కడా కనబడదు. ఒకప్పుడు ఉండేది. చలిగాలి కొట్టినప్పుడు మడతలు పైకి లేపి, కుడి మడత వెనక దాగిన బొత్తాన్ని ఈ కాజాలో దూర్చి గొంతుదాకా బిగించుకునేవారు. పోనుపోను మడతలు ఇస్త్రీ కిందే ఉండిపోయాయి, బొత్తాం ఊడిపోయింది, కాజా మిగిలింది. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ మగవాళ్లు ఆ ఖాళీ కంతలో పువ్వు పెట్టుకోవడం మరిగారు. ఇంగ్లండు పెళ్లికొడుకు కోటు మీద పువ్వు కనబడేది అందుకే.

ఎడమవైపే ఎందుకంటే మగవాళ్ల కోట్లకు కాజాలు ఎడమన, బొత్తాలు కుడిన కుడతారు కనుక. గుండె ఉన్న వైపు కదా అని చెప్పేవాళ్లూ ఉన్నారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఇక్కడ దర్జీ ముందు, ప్రేమ తర్వాత.

*

దర్జీల కథ ఇంకొకటి. విక్టోరియా రాణి ఇచ్చిన పూలగుత్తిలోంచి ఆల్బర్ట్ యువరాజు ఒక పువ్వు తీసుకున్నాడట. పెట్టుకోవడానికి చోటు లేక, చాకుతో కోటు మడతనే కోసి అందులో గుచ్చుకున్నాడట. ఆపైన తన కోట్లన్నిటికీ అక్కడ కాజా పెట్టమన్నాడట. మూడు 'అట'లు పడ్డాయి కాబట్టి ఎంతవరకు నమ్మాలో మీరే చూసుకోండి. నిక్కమైన సంగతి మాత్రం ఇది: 1840 ఫిబ్రవరి 10న జరిగిన వాళ్ల పెళ్లిలో విక్టోరియా తలమీద నారింజ పూల చుట్టు ఉంది. ఆ తర్వాత యూరప్ పెళ్లికూతుళ్లంతా నారింజ పూల వెంట పడ్డారు.

నారింజ, నిమ్మ ఉన్న కుటుంబంలోనే మన మారేడు, కరివేపాకు కూడా ఉన్నాయి. పెళ్లిలో ఎవరు ఎదురుపడినా 'వాళ్లకు మీరేమవుతారు?' అని అడగడం మన అలవాటు. ఈ పూలనీ అదే అడిగి చూస్తే తమాషా అయిన చుట్టరికాలు బయటపడతాయి.

*

కాజా పూలలో ఇరవయ్యో శతాబ్దపు బ్రిటన్‌ను ఏలింది కార్నేషన్. ఒక్క పువ్వు, వెనక సన్నటి ఆకు రెమ్మ ఒకటి, అంతే. మధ్యతరగతి పెళ్లి ఫొటో ఏది తీసినా వరుసగా నిలబడ్డ మగవాళ్ల కోట్ల మీద అదే. అందంలో గులాబీ ముందు ఇది తక్కువే. అయినా నెగ్గిందంటే దాని ఒళ్లు గట్టిది కనుక. రేకుల్ని కింద గట్టి పచ్చ గొట్టంలాంటి తొడిమ పట్టుకుని ఉంటుంది. నీళ్లు లేకపోయినా పొద్దుట చర్చిలో పెట్టుకున్నది రాత్రి విందుదాకా నిలుస్తుంది. కౌగిలింతల్ని కూడా ఓర్చుకుంటుంది. మంచి రకాల వాసన లవంగాన్ని తలపిస్తుంది, రెంటిలోనూ ఉన్నది యూజినాల్ అనే నూనె పదార్థమే.

కార్నేషన్ పక్కన పూలవాళ్లు ఎప్పుడూ పెట్టే తెల్ల చుక్కల పువ్వు జిప్సోఫిలా. రెండూ ఒకే కుటుంబం. అన్నదమ్ముల బిడ్డలు ఒకే గుత్తిలో కూర్చున్నట్టు.

కార్నేషన్‌కి ఓ బలహీనత ఉంది, పండ్లు పడవు. అరటి, ఆపిల్ వంటివి మాగేటప్పుడు ఇథిలీన్ వాయువు వదులుతాయి. మన మార్కెట్లలో మామిడికాయల్ని మాగబెట్టే గదుల్లో వాడేది ఆ వాయువునే. అది సోకితే కార్నేషన్ రేకులు లోపలికి ముడుచుకుంటాయి. పూలవాళ్లు దాన్ని పువ్వు నిద్రపోయిందంటారు. ఆ నిద్రకు మెలకువ లేదు. పెళ్లివారి ఇంట్లో ఫ్రిజ్ నిండా పండ్లే ఉంటాయి. 'రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టాం, పొద్దున్నకి వాడిపోయాయి' అని పూలకొట్టువాడి మీద విరుచుకుపడే ముందు పక్క అరలో అరటిపళ్లు ఉన్నాయేమో చూడాలి.

*

కార్నేషన్‌కి రంగు ఎక్కించడం బడిపిల్లలకీ తెలిసిన విద్య. తెల్లపువ్వు కాడను రంగునీళ్లలో నిలబెడితే, ఆకులూ రేకులూ నీటిని ఆవిరిగా వదులుతున్న కొద్దీ కింది నుంచి రంగునీరు కాడలోని సన్న గొట్టాల వెంట పైకి ఎక్కుతుంది. ప్రకృతిలో లేని ఆకుపచ్చ కార్నేషన్ అలా పుట్టిందే. 1892 ఫిబ్రవరి 20న లండన్ సెయింట్ జేమ్స్ థియేటర్లో ఆస్కార్ వైల్డ్ నాటకం 'లేడీ విండర్‌మియర్స్ ఫ్యాన్' మొదటి ప్రదర్శన. ఆ రాత్రి ఆయనా, ఆయన మిత్రులూ కోట్లకు ఆకుపచ్చ కార్నేషన్లు పెట్టుకుని వచ్చారు. అర్థం ఏమిటని ఊరంతా బుర్ర బద్దలు కొట్టుకుంది. రెండేళ్లకు రాబర్ట్ హిచెన్స్ ఆ పువ్వు పేరుతో ఒక వెక్కిరింపు నవలే రాశాడు.

ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులది వేరే లెక్క. మొదటి పరీక్షకి తెల్ల కార్నేషన్, చివరి పరీక్షకి ఎర్రది, మధ్యలో జరిగే వాటన్నిటికీ గులాబీ రంగుది పెట్టుకుని వెళ్తారు. మొదటి రోజు తెల్లపువ్వును ఎర్ర సిరాబుడ్డిలో నిలబెడితే పరీక్షలు ముగిసేసరికి ఎర్రబడేదని అక్కడ చెప్పుకునే కథ. పరీక్ష రాసేవాడికి అంత ఓపిక ఉంటుందా అన్నది నా అనుమానం.

అమెరికా అధ్యక్షుడు విలియం మెకిన్లీ కోటు మీద ఎర్ర కార్నేషన్ లేకుండా బయటికి వచ్చేవాడు కాదు. అది తనకు అదృష్టమని నమ్మకం. 1901 సెప్టెంబర్ 6న బఫెలో ఎగ్జిబిషన్లో జనంతో కరచాలనం చేస్తూ, వరుసలో నిలబడ్డ ఒక చిన్నపిల్లకు తన పువ్వు తీసి ఇచ్చాడు. కాసేపటికే అదే వరుసలో వచ్చినవాడు తుపాకీ పేల్చాడు. ఎనిమిది రోజులకు అధ్యక్షుడు పోయాడు. ఆయన సొంత రాష్ట్రం ఒహాయో 1904లో ఎర్ర కార్నేషన్‌ని రాష్ట్ర పుష్పం చేసుకుంది.

సినిమాల్లో ఇంతకంటే సరదా సంగతులున్నాయి. 'గోల్డ్‌ఫింగర్' (1964)లో జేమ్స్ బాండ్ ఈతదుస్తులు విప్పితే లోపల నలగని తెల్లకోటు ఉంటుంది, దానికి తీరిగ్గా ఎర్ర కార్నేషన్ తగిలించుకుంటాడు. 'గాడ్‌ఫాదర్' (1972)లో కూతురి పెళ్లినాడు మార్లన్ బ్రాండో నల్లకోటు మీద ఉండేది ఎర్రగులాబీ. కూతురి పెళ్లిలో తండ్రి పువ్వు పెట్టుకోవడం మామూలే. ఆ పువ్వుతోనే చీకటిగదిలో కూర్చుని ఎవరిని కొట్టించాలో తేల్చడం మామూలు కాదు.

*

ఈ పూలలో అసలైన చుట్టరికం చిక్కు లిల్లీ ఆఫ్ ది వ్యాలీది. తెల్లటి చిన్న గంటలు వరుసగా వేలాడుతూ ఉంటాయి, యూరప్ వసంతంలో కొద్దివారాలే దొరుకుతుంది, ధర ఆకాశంలో. 2011లో బ్రిటన్ రాజకుటుంబం కోడలైన కేట్ మిడిల్టన్ పెళ్లి చేతిగుత్తిలో ఇదీ ఉంది. పేరుకు లిల్లీ గానీ లిల్లీ కుటుంబం కాదు. మన దండల్లో లిల్లీ అని కట్టే నేలసంపెంగ కూడా లిల్లీ కాదు. విచిత్రం ఏమిటంటే ఈ రెండు దొంగ లిల్లీలూ ఒకే కుటుంబానివి. ఆ కుటుంబ పెద్ద శతావరి, అదే పల్లెల్లో పిల్లిపీచర అనేది. కార్నేషన్ వెనక పెట్టే దూదిలాంటి సన్నాకు రెమ్మను అందరూ ఫెర్న్ అంటారు, అదీ ఫెర్న్ కాదు, శతావరికి తోబుట్టువే.

లిల్లీ ఆఫ్ ది వ్యాలీ మొక్క మొత్తం విషం. మన గన్నేరు పప్పులో ఉన్నట్టే గుండె లయను దెబ్బతీసే పదార్థాలు ఇందులో ఉన్నాయి. కోటు మీద పెట్టుకుంటే ఏమీ కాదు. కేకు మీద అలంకారంగా పెడతానన్న వాడి చేయి మాత్రం పట్టుకోవాలి.

స్టెఫనోటిస్ అనే ఇంకో తెల్లపువ్వు ఉంది, మైనంతో చేసినట్టు మెరుస్తూ ఉంటుంది. మడగాస్కర్ మల్లె అని పిలుస్తారు. మల్లెతో దీనికి చుట్టరికమే లేదు. తుంచితే పాలు కారతాయి. ఎవరి తాలూకు? జిల్లేడు తాలూకు. దూరపు వరసలో గన్నేరు, నందివర్ధనం కూడా వస్తాయి. ఇంగ్లీషు దొరలు డబ్బు పోసి గాజుగదుల్లో పెంచుకున్న పువ్వుకి మన రోడ్డు పక్క జిల్లేడు దాయాది అని తెలిస్తే ముచ్చటేస్తుంది.

టీ, కాఫీ కూడా కోటెక్కాయి. కమేలియా పువ్వు తేయాకు మొక్కకు సొంత తోబుట్టువు. గార్డీనియా, అంటే మన గంధరాజం, కాఫీ కుటుంబం, మన నూరువరహాలు కూడా అందులోవే. సోకు తెలిసిన మగవాళ్లకు గంధరాజం మీద మహా మోజు. కానీ వేలు తగిలితే చాలు, తగిలినచోటల్లా రేకు గోధుమరంగుకు తిరుగుతుంది. పెళ్లిలో వంద చేతులు భుజాలు తట్టే చోట ఇది ఎంచుకోవడం సాహసం కిందే లెక్క.

*

1855లో స్కాట్లండ్ బాల్మోరల్ కొండల మీద ప్రష్యా యువరాజు ఫ్రెడరిక్ ఒక తెల్ల హెదర్ రెమ్మ కోసి విక్టోరియా రాణి పెద్దకూతురికి ఇచ్చి, పెళ్లాడతావా అని అడిగాడు. మామూలు హెదర్ ఊదారంగులో ఉంటుంది, తెల్లది అరుదు, దొరికితే అదృష్టం. స్కాట్లండ్ పెళ్లికొడుకులు ఇప్పటికీ ఆ రెమ్మను కోటు పువ్వుకు జత చేస్తారు. 1858లో ఆ పెళ్లి జరిగినప్పుడు అమ్మాయి చేతిగుత్తిలో మర్టిల్ రెమ్మ ఉంది. ఆల్బర్ట్ అమ్మమ్మ ఇచ్చిన పూలగుత్తిలోంచి తీసి విక్టోరియా వాళ్ల ఆస్‌బర్న్ భవనం తోటలో నాటిన మొక్క తాలూకు రెమ్మ అది. అప్పటి నుంచి ఆ ఇంటి పెళ్లికూతుళ్ల గుత్తిలో మర్టిల్ తప్పడం లేదు. 1947లో ఎలిజబెత్, 2011లో కేట్, అందరూ పట్టుకున్నవాళ్లే. మర్టిల్ ఎవరంటారా? జామ, నేరేడు, లవంగం, యూకలిప్టస్, వీళ్లంతా దాని ఇంటివాళ్లు. యూకలిప్టస్ ఆకు ఈమధ్య కోటుపూలలో తెగ వాడుతున్నారు, బూడిద కలిసిన ఆ పచ్చరంగు కోసం.

స్కాట్లండ్‌వాళ్ల జాతీయ చిహ్నం ముళ్ల తిసిల్ పువ్వు. పెళ్లిలో మాత్రం చాలాసార్లు దానిలాగే కనబడే నీలం ఎరింజియం పెట్టి పని కానిస్తారు. దాని కుటుంబం చెబితే నవ్వుతారు, కొత్తిమీర.

*

జోసెఫ్ చేంబర్లిన్ అనే బ్రిటిష్ రాజకీయనాయకుడిని కార్టూనిస్టులు గీయాలంటే రెండే గుర్తులు, ఒక కంటికి అద్దం, కోటుకి ఆర్కిడ్. బర్మింగ్‌హామ్‌లోని హైబరీ అనే తన ఇంట్లో గాజుగదులు కట్టించి ఆర్కిడ్లు పెంచాడు. రోజుకొకటి కోసుకునే స్తోమత ఉన్నవాడు. ఇప్పుడు థాయిలాండ్ నుంచి పెట్టెల్లో దిగే డెండ్రోబియం ఆర్కిడ్ హైదరాబాద్ పూలకొట్లలో ఎవరికైనా దొరుకుతుంది.

మామూలు జనానికి కోటుపువ్వు అమ్మింది లండన్ వీధుల పూలపిల్లలు. కవెంట్ గార్డెన్ మార్కెట్లో తెల్లవారుజామున పూలు కొని, గుత్తులు కట్టి, నాటకాలకు వచ్చేవాళ్లకు అమ్మేవారు. బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్' నాటకంలో ఎలైజా వాళ్లలో ఒకతి, అమ్మేది వయొలెట్లు. వయొలెట్ వాసనలో ఒక మాయ ఉంది. అందులోని అయొనోన్ ముక్కును కాసేపు మొద్దుబారుస్తుంది. వాసన పోయిందనుకుంటాం, కాసేపటికి మళ్లీ తగులుతుంది. పువ్వు మారలేదు, మన ముక్కే కునుకు తీసి లేచింది.

1912లో అలెగ్జాండ్రా రాణి పేరుమీద ఆసుపత్రుల చందా కోసం లండన్ వీధుల్లో చేతితో చేసిన కృత్రిమ గులాబీలు అమ్మారు. వాటిని తయారుచేసింది వికలాంగులైన అమ్మాయిలు. చందా ఇచ్చి కోటుకి పువ్వు పెట్టుకునే పద్ధతి అలా పాకింది. తొమ్మిదేళ్లకు యుద్ధమృతుల కోసం ఎర్ర పాపీ వచ్చింది.

*

పెళ్లికొడుకు సైనికుడై యూనిఫాంలో ఉంటే పువ్వు పెట్టుకోడు. పతకాలున్న చోట పూలకు చోటు లేదు. అయితే ఏడాదికి ఒకరోజు, ఆగస్టు 1న, కొన్ని బ్రిటిష్ రెజిమెంట్లు టోపీలకు గులాబీలు పెట్టుకుంటాయి. 1759లో జర్మనీలోని మిండెన్ యుద్ధానికి వెళ్తూ దారిలో తోటల్లో కోసుకున్న గులాబీల జ్ఞాపకం అది.

యూనిఫాం లేని పెళ్లికొడుక్కి రివాజు ఇలా ఉంటుంది. అతని పువ్వు పెళ్లికూతురి చేతిగుత్తిలోని పూలలో ఒకటై ఉండాలి. తోడిపెళ్లికొడుకు, ఇద్దరి తండ్రులు, అతిథుల్ని కూర్చోబెట్టే కుర్రాళ్లు కూడా పెట్టుకుంటారు గానీ అతనిది కాస్త వేరుగా ఉండాలి. తల్లులకు ఇంకొంచెం పెద్దవి, కుడివైపున. అవన్నీ అట్టపెట్టెలో తెచ్చి ఎవరిది వారికి అందించే పని తోడిపెళ్లికొడుకుది, ఉంగరం మర్చిపోకుండా చూడటంతో పాటు.

తయారీలో కిటుకు కాడలోనే. అసలు కాడ పొట్టిగా కోసి, పువ్వు కింది పచ్చబుడిపెలోంచి సన్నతీగ దూర్చి, కాడ వెంట కిందికి వంచి, సాగే పచ్చటేపు చుట్టేస్తారు. టేపు పువ్వులోని తడిని కూడా ఆపుతుంది. మంచి దర్జీ కుట్టిన కోటు అయితే కాజాలోంచి కాడను వెనక్కి దింపి, అక్కడ కుట్టిన దారపు ఉచ్చులో నిలబెట్టవచ్చు, పిన్నీసు అక్కర్లేదు. రెడీమేడ్ కోట్లలో చాలావాటికి కాజా ఉత్త బొమ్మకుట్టు, కంత ఉండదు. పాతకాలపు షోకిల్లాలు మడత వెనక చిటికెన వేలంత గొట్టంలో నీళ్లు పోసి పువ్వు నిలిపేవారు. టీవీలో డేవిడ్ సూషే వేసిన డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో కోటుకి వెండి పూలకూజా పిన్ను ఉంటుంది, అది ఆ బాపతే.

*

మనదేశంలో కోటుపువ్వు అనగానే గుర్తొచ్చేది నెహ్రూ. ఆయన షేర్వాణీకి ఇంగ్లీషు కోటులా కాలర్ మడతలే లేవు, అందుకని ఎర్రగులాబీ మొగ్గ గుండీల వరుసలోని కాజాలో ఉండేది. ఎందుకు పెట్టుకునేవారన్నదానికి కథలు చాలా, వాటిలో ఎక్కువమంది చెప్పేది 1936లో పోయిన భార్య కమల జ్ఞాపకమని. నవంబర్ 14న బడుల్లో నెహ్రూ వేషం వేసే పిల్లాడికి టోపీ లేకపోయినా సర్దుకుంటారు, గులాబీ లేకపోతే కుదరదు.

తెలుగు క్రైస్తవుల పెళ్లిళ్లలో సూటు వేసుకున్న పెళ్లికొడుకు కోటు మీద తెల్లపువ్వు కనబడుతుంది. హిందూ పెళ్లిళ్లలో రిసెప్షన్ సూటుకి ఇప్పుడు పువ్వు బదులు రాళ్ల బ్రోచ్ ఎక్కువైంది. అంతకుముందు మన మగవాళ్లకు పెళ్లిలో పువ్వు అందేది గుమ్మం దగ్గరే. పన్నీరు చిలకరించి, గంధం పూసి, గులాబీ ఒకటి చేతిలో పెట్టేవారు. దాన్ని చొక్కా జేబుకో గుండీ కాజాకో గుచ్చుకుని పెద్దమనుషులు పంక్తిలో కూర్చునేవారు. ఆల్బర్ట్ కథ వినని వాళ్లే వాళ్లందరూ.

మన ముహూర్తాలు వైశాఖం, జ్యేష్ఠంలో ఎక్కువ. ఆ ఎండలో ఇంగ్లండు పుస్తకం చూసి పువ్వు ఎంచుకుంటే తాళి కట్టకముందే తల వాల్చేస్తుంది. స్వీట్‌పీ, గంధరాజం, సన్నరేకుల గులాబీ వద్దు. ఆర్కిడ్, కార్నేషన్, చిన్న చామంతి తట్టుకుంటాయి. హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్లో తెల్లవారుజామునే వెళ్తే అన్నీ దొరుకుతాయి. నన్నడిగితే అవి కూడా అక్కర్లేదు. నాలుగు కనకాంబరాలు, వెనక రెండు మరువం రెమ్మలు. కనకాంబరానికి వాసన లేదు, బరువు లేదు, పొద్దుటి నుంచి జడలో ఉన్నా వాడనిది కోటు మీద వాడుతుందా? వాసన పని మరువం చూసుకుంటుంది. నల్లకోటు మీద ఆ రంగు ఎంత బాగుంటుందో ఒకసారి పెట్టి చూడండి.

లిల్లీలు పెట్టుకుంటే ముందే పుప్పొడి కాడల్ని గిల్లేయండి. పుప్పొడి బట్టకు అంటితే నీళ్లతో తుడవకూడదు, మరక లోపలికి దిగుతుంది. సెల్లోటేపు అద్ది ఎత్తేయాలి. అద్దె సూటు అయితే పిన్నీసు కన్నాలు పడకుండా పువ్వు వెనక చిన్న అయస్కాంతం పెట్టే పద్ధతి ఈమధ్య వచ్చింది, బట్టకు వెనక ఒకటి, ముందు ఒకటి. బాగానే పట్టుకుంటుంది. కానీ పువ్వు పెట్టించుకునే తాతగారికో పెదనాన్నకో గుండెలో పేస్‌మేకర్ ఉందేమో ముందే అడగాలి. ఉంటే అయస్కాంతం దగ్గరికి రానివ్వకూడదు, వాళ్లకు పిన్నీసే.